ముద్రల వెనుక

తిల్కా డెబ్భై అయిదవ పుట్టినరోజు భోజనానికి, ఆ ఆదివారం ఆమె వంటింటి బల్ల దగ్గర హాజరైనవారు, వచ్చిన వరుసలో: మొదట నేను, తిల్కా అన్నను, విన్కోను, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుణ్ణి. పన్నెండు గంటలకని పిలిచారు. పది నిమిషాల ముందే వచ్చాను. తరువాత ఆమె కూతురు దర్యా, వాల్‌నట్లు చుట్టిన తీపి రొట్టె, పొటిత్సా ఉన్న అట్టపెట్టెతో. దర్యా వెనుకనే ఆమె భర్త స్తానె, కాగితం చుట్టిన కానుకను రెండు చేతులా ఎత్తి పట్టుకొని. చివరగా తిల్కా కొడుకు గ్రెగోర్. అతడు ఏ ఇంట భోజనానికైనా సూప్ వడ్డించాకనే వస్తాడు. తిల్కా ఉదయం నుంచీ అక్కడే ఉన్నది కనుక ఆమెను వరుసలో చేర్చలేదు.

కానుక విప్పి పావుగంట అయింది. సూప్ మీద కొవ్వు తెల్లగా పేరుకుంటోంది. ఎవరూ చెంచా ముట్టుకోలేదు.

గోడకు ఆనించి నిలబెట్టిన గాజు చట్రం కిటికీ తలుపంత ఉంది. దాని లోపల తిల్కా కొండదారి పుస్తకం ఉంది. పుస్తకం అనడం సరికాదు. పుస్తకాన్ని విడదీసి, పేజీలన్నీ కత్తిరించి, వరుసలుగా అతికించిన పలక ఉంది. మరిబోర్ పట్టణం నుంచి సముద్రం దాకా ఆ దారిన నడిచేవారు ప్రతి శిఖరం మీదా, ప్రతి కొండ విడిదిలోనూ తమ పుస్తకంలో ముద్ర వేసుకుంటారు. తిల్కా ఇరవై మూడేళ్ళు ఆ పుస్తకాన్ని వీపున మోసింది. ఒక్క ముద్రే మిగిలి ఉండేది, సీవ్నిక్ శిఖరానిది. తన వంటింటి కిటికీలోంచి కనబడే ఆ కొండను ఆమె కావాలనే చివరికి ఉంచుకుంది.

ఇప్పుడు చట్రం కింది కుడి మూలన ఆ ముద్ర కూడా ఉంది. దాని కింద ఇత్తడి పలక మీద ఇలా చెక్కి ఉంది: "దారిని విజయవంతంగా ముగించిన శుభసందర్భమున." ఆ వాక్యం నేనే కూర్చాను. దానిలో వ్యాకరణ దోషమేమీ లేదు.

"ఈ చివరిది ఎవరు వేయించారు?" అని అడిగింది తిల్కా.

స్తానె గొంతు సవరించుకున్నాడు. "నేనే అత్తయ్యా. రెండు వారాల కిందట శనివారం వెళ్ళొచ్చాను."

"సీవ్నిక్ ఎక్కావా?"

"ఎక్కాను."

"పైదాకా?"

"ఆ... పైదాకానే."

"పైన ముద్రపెట్టె మూత బిగుసుకుపోయి ఉంటుంది. ఎట్లా తెరిచావు?"

స్తానె దర్యా వైపు చూశాడు. దర్యా ఉప్పు సీసా వైపు చూసింది.

"చేత్తోనే," అన్నాడు స్తానె.

"ఆ పెట్టెకి మూత లేదు నాయనా. రెండేళ్ళ కిందట గాలికి ఎగిరిపోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక ఇనప డబ్బా బోర్లించి పెట్టారు." తిల్కా లేచి, చట్రం దగ్గరికి వెళ్ళి, వంగి, గాజు మీద వేలు పెట్టింది. "ఈ ముద్రలో ఇల్లుంది చూడు, పొగగొట్టంతో సహా. శిఖరం మీద ఇల్లెక్కడిది? ఇది కింద విడిదిలో ఇచ్చే ముద్ర."

గ్రెగోర్ గట్టిగా నవ్వేశాడు. "బావా! దొరికిపోయావు!"

"మంచు పట్టేసింది అత్తయ్యా," అన్నాడు స్తానె. అతడి చెవులు ఎర్రబడ్డాయి. "పది అడుగుల దూరంలో ఏముందో కనబడలేదు. విడిది దాకా వెళ్ళి, ఆపిల్ స్ట్రూడెల్ తిని, అక్కడున్న ముద్ర వేయించుకుని దిగిపోయాను. తేడా తెలీదనుకున్నా."

"స్ట్రూడెల్ ఎట్లా ఉంది?"

"బాగుంది."

అప్పుడు తిల్కా కూడా నవ్వింది. ఆ నవ్వుకు బల్ల చుట్టూ భుజాలు కొంచెం వదులయ్యాయి. గ్రెగోర్ చెంచా అందుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

"వెనక్కి తిరిగినందుకు నేనేమీ అనను," అన్నది తిల్కా, నవ్వు ఆపి. "మంచులో వెనక్కి తిరిగినవాడే తెలివైనవాడు. కానీ నా బదులు నువ్వెందుకు వెళ్ళావు? నా బదులు భోంచేస్తావా? నా బదులు నిద్రపోతావా?"

గ్రెగోర్ చెంచా మళ్ళీ కింద పెట్టాడు.

"అమ్మా, ఆయన్ని అనకు," అన్నది దర్యా. "వెళ్ళమన్నది నేను."

"అది నాకు తెలుసులే. ఎందుకని అడుగుతున్నా."

"ఎందుకో నీకు తెలుసు."

"నీ నోటితో చెప్పు."

"జూన్‌లో నాలుగు గంటలు," అన్నది దర్యా. ఆమె ఆసుపత్రిలో నర్సు. గొంతు పెంచే అలవాటు లేదు. "నాలుగు గంటలు ఆ కొండదారి పక్క రాళ్ళ వాగులో ఒంటరిగా పడి ఉన్నావు. ఫోను అందలేదు. నిన్ను మొదట చూసింది నేను. నీ టోపీ కనబడింది, నువ్వు కదల్లేదు. ఆ టోపీ దగ్గరికి నడిచి వచ్చేదాకా నేను ఏమనుకున్నానో నీకు తెలుసా?"

"మణికట్టు విరిగింది. అంతే. అతుక్కుంది కూడా."

"మణికట్టు గురించి కాదమ్మా నేను మాట్లాడేది!"

"మొన్న బుధవారం ఫైర్‌స్టేషన్ హాల్లో వ్యాయామం చేయించింది ఎవరు? నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు చాప మీద పడి రొప్పుతుంటే మంచినీళ్ళు అందించింది ఎవరు?"

"హాల్లో రాళ్ళు లేవు."

"నేను కొత్త బూట్లు కొందామన్నాను," అని గొణిగాడు గ్రెగోర్. "ఎవరన్నా విన్నారా?"

"బూట్లు కొనిస్తే వెళ్ళమని చెప్పినట్టే కదరా!"

"అయితే ఇది కొనిచ్చి ఏం చెప్పినట్టు?" అని అడిగింది తిల్కా.

దర్యా జవాబు చెప్పవలసిన పని లేదు. ఇత్తడి పలక మీద చెక్కి ఉంది.

కానుక విషయమై దర్యా, గ్రెగోర్, నేను, ముగ్గురం నెల రోజులు చర్చించాము. కొత్త సైకిలు వద్దన్నాము, జారుతుందని. వేడినీటి కొలనుల ఊళ్ళో వారం రోజుల బస అనుకున్నాము; రెండో రోజే అక్కడి వంటవాడికి వంట నేర్పుతుందని గ్రెగోర్ అన్నాడు. ఆమెకు ఏది ఇష్టమో ఆలోచించాము. ఆ ఇష్టాన్ని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసి గోడకు తగిలించడం ఎట్లా అని కూడా ఆలోచించాము. ఆ రెండూ ఒకే ఆలోచన అనుకున్నాము. చదువుకున్నవాళ్ళం ముగ్గురం కూర్చుని అలా అనుకున్నాము.

తిల్కా చట్రాన్ని పట్టుకొని, బాగైన చేత్తో బరువు మోస్తూ, గోడవైపు తిప్పింది. వెనుక గోధుమరంగు అట్ట, నాలుగు వైపులా పట్టీ.

"కత్తి ఇవ్వు," అన్నది.

"ఎందుకమ్మా?"

"వెనకవైపు చూడాలి."

"వెనకాల ఏముంది?" అన్నాడు స్తానె.

తిల్కా మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఆ చూపులో కోపం లేదు. బడిలో నలభై ఏళ్ళు పనిచేశాను. పాఠం అసలు తెరిచి చూడని పిల్లలను చూసే చూపు నాకు తెలుసు.

"ఎవరూ పేజీలు తిరగేసి చూడలేదా?"

ఎవరూ చూడలేదు.

"ప్రతి ముద్ర వెనకా రాసుకున్నా," అన్నది తిల్కా. "పెన్సిలుతో. ఆ రోజు గాలి ఎట్లా ఉంది, ఎవరితో వెళ్ళాను, ఏం తిన్నాం, ఎవరు ఏమన్నారు. సగం లోయ్జె రాశాడు. నేను బూట్లు విప్పుకుంటుంటే ఆయన రాసేవాడు."

లోయ్జె ఆమె భర్త. పోయి ఆరేళ్ళయింది.

గ్రెగోర్ కత్తి తెచ్చాడు. పట్టీ కోశాడు. అట్ట ఊడలేదు. కత్తి మొన లోపలికి దూర్చి మెల్లగా లేపితే, అట్టతోపాటు ఒక పేజీ మూల చిరిగి తెల్లటి నూగులా పైకి లేచింది. ఆపేశాడు.

"ఆవిరి పడితే ఊడుతుందేమో," అన్నాడు స్తానె. "తపాలా బిళ్ళలు అట్లాగే తీస్తాం కదా."

"ఆవిరికి ముద్రల సిరా కూడా ఊడుతుంది బావా."

"అయితే అతన్నే అడుగు."

గ్రెగోర్ చట్రాలు చేసేవాడికి ఫోను చేశాడు. అందరూ వినేలా బల్ల మీద పెట్టాడు. అవతల కూడా గిన్నెల చప్పుడు. వాళ్ళూ ఆదివారం భోజనంలోనే ఉన్నారు.

"ఆ చట్రమా! అమ్మగారికి నచ్చిందా?" అన్నాడతను ఉత్సాహంగా.

"నచ్చింది. ఒక చిన్న విషయం. ఆ కాగితాలు మళ్ళీ ఊడదీయాలంటే ఎట్లా?"

"ఊడదీయడమా? ఎందుకు?"

"ఊరికే అడుగుతున్నాం."

"మీరేం భయపడకండి. అది ఊడే జిగురు కాదు. పైన రాయి పెట్టి రెండు రోజులు నొక్కి ఉంచాను. మీ మనవలు పోయినా అది ఊడదు. నా మాట."

"ఏ పద్ధతిలోనూ రాదా?"

"చెబుతున్నాగా, రాదు. మొదట నేనే అన్నాను కదండీ, పుస్తకాన్ని పుస్తకంలాగే ఒక చిన్న పెట్టెలో పెడదాం, కత్తిరించొద్దు అని. అన్నీ ఒకేసారి కనబడాలి, కత్తిరించండి అని మీవాళ్ళే పట్టుబట్టారు. నాకేం, చెప్పింది చేశాను. అమ్మగారికి నా శుభాకాంక్షలు చెప్పండి!"

గ్రెగోర్ ఫోను కట్టేశాడు.

"కత్తిరించమన్నది ఎవరు?" అని అడిగింది తిల్కా.

నేను.

ఆ దుకాణానికి దర్యాతో కలిసి వెళ్ళినది నేను. దర్యా పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకొని, అట్లాగే ఉంచుదాం మామయ్యా అని రెండుసార్లు అన్నది. పూర్తయిన పనిని ఒక్క చూపులో చూడగలగాలని, అది ఒక సూత్రమని, నేను వివరించాను. పుస్తకం ఆమె చేతుల్లోంచి తీసుకొని అతనికి అందించినది నేను.

నోరు తెరిచాను. చెప్పవలసిన వాక్యం కర్త, కర్మ, క్రియలతో సహా సిద్ధంగా ఉంది.

"నేనే అమ్మా," అన్నది దర్యా.

స్తానె తలెత్తి భార్యను చూశాడు. తరువాత నన్ను చూశాడు. తరువాత తన కంచంలోకి చూశాడు.

"నువ్వా?" అన్నది తిల్కా.

"నేనే. అన్నీ కనబడితే బాగుంటుందనుకున్నా. వెనక్కి తిప్పి చూడలేదు. తప్పయిపోయింది."

ఆ వాక్యం ఇంకా నా నోట్లోనే ఉంది. ఒక్క క్షణం ముందు అది కేవలం నిజం. ఇప్పుడు అది చెబితే దర్యా అబద్ధం చెప్పిందని కూడా చెప్పినట్టవుతుంది. మరొక క్షణం గడిస్తే, నేను ఊరకున్నానని కూడా చెప్పినట్టవుతుంది. ఆ మరొక క్షణం కూడా గడిచింది.

"మాత్కోవ్ లోయ," అన్నది తిల్కా, ఎవరితోనూ కాదన్నట్టు. "వడగళ్ళు. లోయ్జె మేజోళ్ళు తడిసిపోతే నావి వేసుకున్నాడు. మడమ దగ్గర చిరిగాయి. అది గుర్తుంది. సముద్రం దగ్గరి చివరి మజిలీలో మేక ఒకటి నా రొట్టె లాక్కుంది. అదీ గుర్తుంది." చట్రం వెనక అట్ట మీద చేయి పెట్టింది. "మిగతావి నాకూ గుర్తులేవు. అందుకే రాసుకున్నా."

"అమ్మా..."

"నువ్వు నర్సువి దర్యా. మందు సీసా వెనక ఏం రాసుందో చూడకుండా ఎవరికైనా ఇస్తావా?"

"ఇవ్వను."

"నాకు మాత్రం ఇచ్చావు."

ఇది నాకు తగలవలసిన మాట. బల్లకు అవతలివైపున దర్యాకు తగిలింది. ఆమె తల వంచుకుంది.

"రేపు సీవ్నిక్ ఎక్కుతున్నా," అన్నది తిల్కా. "ఒంటరిగా."

"నేను వస్తానమ్మా. నీ వెనకాలే, దూరంగా నడుస్తా. నోరెత్తను."

"వద్దు. నువ్వు నా వెనక నడిచినంతసేపూ నేను పడిపోతానేమో అని నడుస్తావు. నేనూ అదే అనుకుంటూ నడవాలి."

"ముద్ర ఎందులో వేసుకుంటావమ్మా?" అని అడిగాడు గ్రెగోర్. పాపం, మంచి ఉద్దేశంతోనే అడిగాడు. "పుస్తకం లేదు కదా."

"అరచేతిలో వేసుకుంటా. అంట్లు తోమితే పోతుంది. పోనీ."

తరువాత ఆమె దర్యా వైపు తిరిగి, చాలా మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు, అన్నది: "నా ఇంటి తాళంచెవి నీ దగ్గర ఉందిగా. అది ఇక్కడ పెట్టు."

జూన్ నుంచి దర్యా ప్రతి సాయంత్రం డ్యూటీ దిగి, ఆ తాళంచెవితో తలుపు తీసుకొని వచ్చి, తల్లి మణికట్టుకు కట్టు మార్చి, కట్టు విప్పాక కూడా ఏదో ఒక సాకుతో వచ్చి, ఆ వంటింట్లో అరగంట కూర్చునేది. అది ఆ ఇద్దరికీ ఎంత విలువైన అరగంటో నేను చూశాను.

"నా కానుకలు నా సొరుగులోంచే దొంగిలించి తెచ్చేవాళ్ళు నేను లేనప్పుడు నా ఇంట్లోకి రావడం నాకిష్టం లేదు," అన్నది తిల్కా. "పెట్టు."

దర్యా సంచి తెరిచింది. వలయంలోంచి తాళంచెవి తీయడానికి గోరు విరిగింది కాబోలు, వేలు నోట్లో పెట్టుకుంది. తాళంచెవిని సూప్ గిన్నె పక్కన చప్పుడు కాకుండా పెట్టింది. కోటు తీసుకుంది.

"పొటిత్సా కోసి పెట్టుకో అమ్మా. రేపటికి ఎండిపోతుంది," అని చెప్పి బయటికి నడిచింది.

స్తానె లేవబోయాడు. నేను చేయి అడ్డుపెట్టి, నేనే లేచాను.

వాకిట్లో ఆమె కారు తలుపు తీయకుండా నిలబడి ఉంది. ఎండ బాగా కాస్తోంది. సీవ్నిక్ శిఖరం మీద ఒక్క మబ్బు తునక కూడా లేదు.

"దర్యా, నువ్వు చేసినది సరికాదు," అన్నాను. ఇంతకంటే మంచి మాట ఆ సమయంలో నాకు దొరకలేదు. "నేను లోపలికి వెళ్ళి చెబుతాను."

"చెప్పకండి మామయ్యా."

"అది నా తప్పు."

"తెలుసు. నేను అక్కడే ఉన్నాగా." ఆమె నవ్వబోయింది. "తాతగారి అకార్డియన్ ఎవరి దగ్గర ఉండాలని మీరూ అమ్మా తగువు పడి ఎన్నేళ్ళు మాట్లాడుకోలేదు?"

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ళు! ఒక అకార్డియన్ కోసం. మీ ఇద్దరిలో ఒక్కరికీ దాన్ని వాయించడం రాదు. ఇప్పుడు ఇది మీరు చేశారని తెలిస్తే? అమ్మకి డెబ్భై అయిదు, మీకు డెబ్భై తొమ్మిది. ఇంకో తొమ్మిదేళ్ళు ఎక్కడినుంచి తెస్తారు?"

నేను వంటింటి కిటికీ వైపు చూశాను.

"నామీద కోపం ఆవిడకి అలవాటే," అన్నది దర్యా. "కూతుర్ని. ఎప్పటికో పోతుంది. పోకపోయినా... అది తరవాత సంగతి. రేపు ఆవిడతో ఎవరో ఒకరు వెళ్ళాలి. నన్ను రానివ్వదు. స్తానెని చూస్తే నవ్వుతుంది. గ్రెగోర్ అయిదింటికి లేవడు. మీరడిగితే కాదనదు."

"నా మోకాళ్ళు విడిది దాటి పైకి రావు, దర్యా."

"నాకు తెలుసు మామయ్యా. విడిది దాకా అయినా వెళ్ళండి. ఆవిడ పైకెళ్ళి కిందికి వచ్చేదాకా అక్కడ ఒక మనిషి గడియారం చూస్తూ కూర్చుని ఉండాలి. జూన్‌లో ఎవరూ లేరు. అంతే నేనడిగేది."

ఆమె కారెక్కింది. స్తానె లోపలినుంచి కోటు చంకన పెట్టుకొని పరుగున వచ్చి, నావైపు చూడకుండా పక్క సీటులో కూర్చున్నాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి తిల్కా సూప్‌ను గిన్నెలోకి వంచి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. గ్రెగోర్ తల వంచుకొని వేయించిన బంగాళాదుంపలు తింటున్నాడు. చట్రం గోడవైపు తిరిగే ఉంది.

"ఏమంది?" అని అడిగింది తిల్కా, వెనుదిరగకుండా.

అది చివరి అవకాశం. అటువంటి అవకాశాన్ని గుర్తుపట్టే చదువు నాకు ఉంది.

"రేపు నేను కూడా వస్తాను," అన్నాను. "విడిది దాకా."

ఆమె గరిటె ఆపింది. కిటికీలోంచి సీవ్నిక్ వైపు చూసింది.

"నువ్వు నా దగ్గర ఏమీ దాచవు అన్నయ్యా. ఆ అకార్డియన్ తగువులో కూడా ముఖానే తిట్టావు కానీ ఏదీ దాచలేదు," అన్నది. "సరే రా. అయిదింటికి. ఆలస్యమైతే ఆగను."

ఆమె నా గిన్నెలో వేడి సూప్ పోసింది. దర్యా కుర్చీ ముందున్న గిన్నె తీసి లోపల పెట్టింది. తాళంచెవి మాత్రం బల్ల మీదనే ఉంది; దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను సూప్ తాగాను.

కనుక, ఆ బల్ల దగ్గర హాజరైన వారందరి తరఫునా కాక, నా ఒక్కడి తరఫున, ఈ విషయాన్ని ఇక్కడ లిఖితపూర్వకంగా నమోదు చేస్తున్నాను. పేజీలు కత్తిరించమని ఆజ్ఞాపించినది దర్యా కాదు. ఆ తప్పును తన పేరున రాయించుకొని, అందుకు బదులుగా తల్లి ఇంటి తాళంచెవిని బల్ల మీద పెట్టి, ఒక్క మాట తూలకుండా, తలుపు విసిరి కొట్టకుండా బయటికి నడిచినది దర్యా. నడుస్తూ కూడా, మరునాడు కొండ మీద తన తల్లి ఒంటరిగా ఉండకుండా ఏర్పాటు చేసినది దర్యా. అట్లా చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. వద్దని ఆపగలిగిన ఒకే ఒక్క వ్యక్తి అక్కడ హాజరై ఉండి కూడా ఆపలేదు. ఆమె చేసిన ఈ పనికి నేను, ఆమె మేనమామను, విన్కోను, ఋణబద్ధుణ్ణని, కృతజ్ఞుణ్ణని ఒప్పుకుంటున్నాను.